పంపు మోగని రాత్రి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గౌలిపురా. మా పాపకు పన్నెండేళ్లు. తొమ్మిదో ఏట టైప్-1 షుగరని తేలింది. ఇప్పటిదాకా రోజుకు నాలుగు సూదులు. వచ్చే నెల ఇన్సులిన్ పంపు పెడతామన్నారు. ఆసుపత్రి వాళ్లు ఒక లింకు పంపి, కంప్యూటర్లో ఆ పాఠాలన్నీ పూర్తిచేసి, చివర్లో పరీక్ష రాసి రమ్మన్నారు. అంతా ఇంగ్లిషే. పాప గంటన్నరలో చేసేసి తొంభై మార్కులు తెచ్చుకుంది. నేను ఏడు దాకా చదివాను, అదీ తెలుగు మీడియం. మా ఆయన పత్తర్‌గట్టీలో బట్టల దుకాణంలో పనిచేస్తారు, ఇంటికొచ్చేసరికి రాత్రి పది. పాపకు వచ్చేస్తే చాలదా? మేం కూడా నేర్చుకోవాలా?

జవాబు: ముందు పాపకు నా తరఫున శభాష్ చెప్పండమ్మా. ఆ తర్వాత, పోయిన పది మార్కులు ఏ ప్రశ్నలవో కనుక్కోండి. వచ్చిన తొంభై కన్నా నాకు ఆ పది మీదే ఆసక్తి.

పంపంటే పాత బటన్ల ఫోనంత పెట్టె. లోపల ఇన్సులిన్ నింపే చిన్న గొట్టం ఉంటుంది. దాన్నుంచి సన్నటి ట్యూబు, ఆ ట్యూబు కొసన చర్మం కింద నిలిచే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. రాత్రీ పగలూ కొంచెం కొంచెంగా ఇన్సులిన్ వెళ్తూనే ఉంటుంది, దాన్ని బేసల్ అంటారు. తినే ముందు మీట నొక్కి ఇచ్చుకునేది బోలస్. చర్మం కింది గొట్టాన్నీ ట్యూబునూ కలిపి సెట్టు అంటాం, రెండు మూడు రోజులకోసారి దాన్ని మార్చాలి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. పంపులో పోసేది త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే ఇన్సులిన్ ఒక్కటే. రోజంతా కాపాడే పెద్ద సూది ఇక ఉండదు. మన పాతబస్తీ మాటల్లో చెప్పాలంటే, ఇంట్లో సంపు లేదు, నేరుగా నల్లా మీదే బతుకు. నల్లా ఆగిందంటే బిందె ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టదు. ఇన్సులిన్ వెళ్లడం ఆగిపోతే మూడు నాలుగు గంటల్లో షుగరు పైకి లేస్తుంది, వెనకే రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకోవడం మొదలవుతుంది. పొద్దుటికి వాంతులు, ఆయాసం, ఆసుపత్రి.

మీకొచ్చిన కంప్యూటర్ పాఠాన్ని తక్కువ చేయను. తెర మీద పంపు బొమ్మ ఉంటుంది, మీట నొక్కితే నిజం పంపులాగే మెనూ మారుతుంది. మనం వంద తప్పులు చేసినా ఎవరి ఒంట్లోకీ చుక్క ఇన్సులిన్ వెళ్లదు. అంతకన్నా మంచి బడి ఏముంటుంది? మొదటిసారి ఆ పాఠం తెరిచినప్పుడు నేనే భోజనం బోలస్ ఇచ్చి, ఇచ్చానో లేదో అన్న అనుమానంతో ఇంకోసారి ఇచ్చాను. నిజంగా పాపకే అలా జరిగి ఉంటే గంటన్నరలో షుగరు పడిపోయేది. అంతకుముందు ఇచ్చింది ఒంట్లో ఇంకా ఎంత మిగిలి ఉందో పంపే చూపిస్తుంది, ఆ అంకె ఎక్కడుంటుందో నాకు ఆ రోజే కంఠతా వచ్చింది. అందుకే మార్కుల కోసం కాకుండా, కావాలని తప్పులు చేస్తూ ఇంకోసారి ఆ పాఠం చేయమనండి.

అయితే కంప్యూటర్ బాగా నేర్పేది మోగే ప్రమాదాలను. బ్యాటరీ తగ్గితే పంపు మోగుతుంది. ఇన్సులిన్ అయిపోవస్తే మోగుతుంది. ట్యూబు మూసుకుపోయినా మోగుతుంది, కానీ చిన్నపిల్లలకు వెళ్లే బేసల్ చాలా కొద్దిది కనుక, ఒత్తిడి పెరిగి మోగే లోపు గంటలు గడిచిపోవచ్చు. అసలు మోగనిది ఇంకొకటి ఉంది. నిద్రలో పక్కకు దొర్లినప్పుడు గొట్టం చర్మంలోంచి జారి బయటికొస్తే దారి మూసుకుపోలేదు కదా, తెరుచుకునే ఉంది. ఇన్సులిన్ హాయిగా పక్క బట్టల్లోకి పోతుంటుంది. అంతా సవ్యంగా ఉందనుకుని పంపు ఊరుకుంటుంది.

నా దగ్గరికొచ్చే ఒక పిల్లవాడి నానమ్మకు సంతకం కూడా రాదు, వేలిముద్రే. ఒక తెల్లవారుజామున మనవడికి దుప్పటి సర్దుతుంటే ఆమెకు ఏదో వాసన తగిలింది, పల్చటి ఫినాయిలు వాసన. చొక్కా ఎత్తి చూస్తే పట్టీ అంచు తడిగా ఉంది. కోడలిని లేపింది. షుగరు చూస్తే 340. ఇన్సులిన్ చెడిపోకుండా అందులో మెటాక్రెసాల్ లాంటి పదార్థం కలుపుతారు, ఆ వాసన దానిదే. మూడేళ్లుగా ఇంట్లో సీసాలు తెరుస్తుంటే ఆమె ముక్కు ఆ వాసనను గుర్తుపెట్టుకుంది. ఆ ఇంట్లో కంప్యూటర్ పాఠం చదివినవాళ్లు ముగ్గురున్నారు. తెరకు వాసన ఉండదు కదా! అప్పటి నుంచి నా దగ్గర పంపు నేర్చుకునే ప్రతి ఇంటి నుంచీ పెద్దవాళ్లను పిలిచి, దూదికి రెండు చుక్కలు అద్ది వాసన చూపిస్తున్నాను.

కాబట్టి మీరూ నేర్చుకోవాలి, మీ ఆయనా నేర్చుకోవాలి. పాప గాఢనిద్రలో ఉన్నప్పుడో, షుగరు పడి తికమకగా ఉన్నప్పుడో ఆ తొంభై మార్కులు అక్కరకు రావు. ఇంగ్లిష్ రాదని వెనకాడొద్దు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో తెరకూ మన మాటల్లో అర్థం చెప్పమనండి. అమ్మకు చెప్పలేక తడబడిన చోటు తనకూ సరిగ్గా రాని చోటే. పంపులు తయారుచేసే కంపెనీల్లో ఒకదాని పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం మన నానక్‌రాంగూడలోనే ఉంది. నగరం ఆ చివర్నుంచి ఈ చివరికి మెనూలో నాలుగు తెలుగు ముక్కలు, నాలుగు ఉర్దూ ముక్కలు రావడానికి ఇంకెన్నాళ్లు పడుతుందో!

ఆసుపత్రిలో రెండు అడగండి. ఇన్సులిన్ పోయకముందు నాలుగు రోజులు పంపులో ఉత్త సెలైన్ నింపి పెట్టమనండి. ఆ రోజుల్లో సూదులు మామూలుగానే నడుస్తాయి, పంపు మాత్రం అలవాటవుతుంది. రెండోది, సెట్టు మార్చడం వాళ్లు చేసి చూపిస్తే సరిపోదు, మీరు చేస్తుంటే వాళ్లు చూడాలి. గాలి బుడగ వదిలించడం చేత్తో చేసిన కొద్దీ వచ్చే పని. పంపులో పోసే ఇన్సులిన్‌లో ఒక యూనిట్ అంటే మిల్లీలీటరులో నూరో వంతు. ఇడ్లీ తిన్నప్పుడు వెళ్లాల్సిన ఇన్సులిన్ స్థానంలో ఒక బుడగ వెళ్లిందంటే ఆ పూట లెక్క తప్పినట్టే.

ఇంకో సంగతి ఉంది, అది ఆ పాఠంలో కనబడకపోవచ్చు. అలాంటి పాఠాలు ఎక్కువగా తయారయ్యేది అమెరికా, యూరప్‌లలో. మనుషులకు వాడే 40 యూనిట్ల ఇన్సులిన్ అక్కడ దాదాపు కనబడదు. మన మందుల షాపుల్లో ఇంకా ఉంది. దానికి ఎర్ర మూత సిరంజి. పంపులో పోసేది 100 యూనిట్ల రకం, దానికి నారింజ మూత సిరంజి. పంపు మొరాయించిన రాత్రి కంగారులో ఎర్ర మూత సిరంజితో పంపు ఇన్సులిన్‌ను 10 గీత దాకా లాగారనుకోండి, ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. పన్నెండేళ్ల పిల్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇంట్లో ఎర్ర మూత సిరంజిలు మిగిలి ఉంటే ఈ రోజే ఆసుపత్రిలో ఇచ్చేయండి. అత్యవసరానికి ఇన్సులిన్ పెన్ను ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి.

బీరువా తలుపు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో ఇలా రాసి అంటించండి: షుగరు 250 దాటింది, గంట తర్వాత చూసినా దిగలేదు, అయితే పంపును నమ్మొద్దు. కీటోన్లు చూడు. పెన్నుతో సూది వెయ్యి. సెట్టు మార్చు. డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. వాంతులైతే ఏదీ ఆలోచించకుండా ఆసుపత్రికి. ఎన్ని యూనిట్లు అన్న అంకెను మీ డాక్టరు చేతే రాయించండి.

శిక్షణ గురించి ఇంత చెబుతున్నది చాదస్తంతో కాదు. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రెపోజ్ అనే అధ్యయనం వచ్చింది. టైప్-1 ఉన్న పెద్దవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పంపులు, రెండో జట్టుకు సూదులు ఇచ్చారు. తిండికి తగ్గట్టు ఇన్సులిన్ లెక్కగట్టడం రెండు జట్లకూ ఒకే తీరున నేర్పారు. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌లో పుట్టిన ఐదు రోజుల చదువు అది. రెండేళ్ల తర్వాత చూస్తే రెండు జట్లలోనూ కొన్ని నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ తగ్గింది. జట్ల మధ్య తేడా మాత్రం లెక్కలో నిలిచేంత లేదు. పిల్లల సంగతి కొంత వేరు, షుగరు చూసే సెన్సరుతో కలిసి తనంతట తానే ఇన్సులిన్ సర్దుకునే కొత్త పంపుల సంగతి ఇంకా వేరు. అయినా లక్షలు పోసి యంత్రం కొని, గంటన్నరలో చదువు ముగించేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ ఫలితమే గుర్తొస్తుంది. పంపు పెట్టిన నెలకు మళ్లీ ఒకసారి అదే కంప్యూటర్ పాఠం ముగ్గురూ కలిసి చేయండి. మొదటిసారి అర్థం కానివి అప్పుడు అర్థమవుతాయి.

ప్రశ్న: వయసు 66. షాలిబండలో ఉంటాను, రిటైరయ్యాను. పదిహేనేళ్లుగా టైప్-2 షుగరు. మాత్రలతో పాటు రాత్రి ఒక సూది. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి, తెలిసినవాళ్లు వాడి వదిలేసిన పంపు పంపిస్తానంటున్నాడు. కంప్యూటర్లో చూసి నేర్చుకోవచ్చంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. రాత్రి ఒక సూదితో షుగరు అదుపులో ఉంటే మీకు పంపు అవసరమే లేదు. ఒకవేళ అవసరమైనా, ఇంకొకరు వాడిన పంపులో వాళ్ల లెక్కలే ఉండిపోయి ఉండొచ్చు. ఆ మోడల్‌కు సెట్లు ఇక్కడ దొరక్కపోవచ్చు, చెడిపోతే చూసే దిక్కుండదు. నేర్చుకోవడం మీకు కష్టమని కాదు. ఫోన్‌లో రైలు టికెట్ బుక్ చేసే మీ వయసువాళ్లు నాకెందరో తెలుసు. అబ్బాయికి ప్రేమగా వద్దని చెప్పి, వచ్చేటప్పుడు మంచి నడక బూట్లు తెమ్మనండి. పదిహేనేళ్ల షుగరు కదా, మీ కాళ్లకు స్పర్శ ఎలా ఉందో చూపించుకుని ఎన్నాళ్లయింది?

ప్రశ్న: మాది యాకుత్‌పురా. నాకు 24 ఏళ్లు, టైప్-1. రెండేళ్లుగా పంపు వాడుతున్నాను. కంప్యూటర్ పాఠాల్లో అన్నీ ఉన్నాయి కానీ రోజా గురించి ఒక్క ముక్క లేదు. రంజాన్‌లో ఉపవాసం ఉండొచ్చా?

జవాబు: ఉండొద్దని ఒక్క మాటలో చెప్పేయడం నాకు తేలిక. టైప్-1లో ఉపవాసం ప్రమాదమే, అందులో మార్పు లేదు. కానీ వద్దన్నా ఉండేవాళ్లను చాలామందిని చూశాను. చెప్పకుండా ఉండటం కన్నా చెప్పి ఉండటం మేలు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టర్‌ను కలవండి. ఈ మధ్య కాలంలో షుగరు బాగా పడిపోయిన సందర్భం కానీ, కీటోన్లతో ఆసుపత్రి పాలైన సందర్భం కానీ ఉంటే ఈ ఏడు వదిలేయండి. లేకపోతే, పగటి బేసల్ తగ్గించుకునే వీలుండటం సూది కన్నా పంపుకున్న సుగుణం. ముఖ్యంగా ఇఫ్తార్‌కు ముందు మూడు నాలుగు గంటలకు ఎంత తగ్గించాలో డాక్టరు చెబుతారు. తాత్కాలికంగా బేసల్ మార్చడం మీ పాఠంలో తప్పకుండా ఉండి ఉంటుంది. ఎవరో జిమ్‌కు వెళ్లే ఉదాహరణతో చెప్పి ఉంటారు. ఆ తెర మీదే మీ సహర్, ఇఫ్తార్ వేళలు వేసి పది రోజులు సాధన చేయండి.

హలీం సంగతి కూడా చెప్పాలి. గోధుమ, మాంసం, పైన నెయ్యి. కొవ్వు ఉన్న తిండి నెమ్మదిగా అరుగుతుంది, షుగరు గంటలో కాక మూడు నాలుగు గంటలకు లేస్తుంది. బోలస్ మొత్తం ఒకేసారి ఇస్తే ముందు పడిపోయి తర్వాత పెరుగుతుంది. కొంత ఇప్పుడు, మిగతాది రెండు మూడు గంటల పాటు వెళ్లేలా ఇచ్చే మార్గం చాలా పంపుల్లో ఉంది. బిర్యానీకీ ఇదే పద్ధతి. మీ పంపు తనంతట తాను సర్దుకునే రకమైతే మాత్రం అడక్కుండా ఇలా చేయొద్దు.

షుగరు 70కి తగ్గినా, 300 దాటినా రోజా విప్పేయాలి. మగ్రిబ్‌కు పది నిమిషాలే ఉందని ఆగొద్దు. వేలు గుచ్చి షుగరు చూసుకుంటే రోజా చెడదని ఉలమాలు చాలామంది చెబుతున్నారు. పంపు విషయం మీ మౌల్వీ సాబ్‌ను ముందే అడిగి మనసు నెమ్మది చేసుకోండి. అనుమానంతో మధ్యాహ్నం పంపు తీసి పక్కన పెట్టేసినవాళ్లను నేను చూశాను, అది అన్నిటికన్నా ప్రమాదం.

ప్రశ్న: సార్, లాల్‌దర్వాజా బోనాలకు లంగా ఓణీ కట్టుకుని అక్కతో కలిసి తీన్మార్ డాన్స్ చేస్తాను. పంపు తీసేయాలా? డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను.

జవాబు: గంటలోపు అయితే తీసేయొచ్చు, అంతకు మించొద్దు. తీసే ముందు షుగరు చూసుకోండి. తీసిన పంపును ఎండలో బండి సీటు మీద పెట్టొద్దు. 37 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అందులోని ఇన్సులిన్‌ను పారబోసి కొత్తది నింపాల్సిందే. రెండు గంటలు డప్పు వెంట ఎగిరితే షుగరు అప్పుడే కాదు, అర్ధరాత్రి దాటాక కూడా పడొచ్చు. ఆ రాత్రి మూడింటికి అలారం పెట్టుకుని ఒకసారి చూసుకోండి. లంగా ఓణీకి జేబు ఉండదు కదా, గ్లూకోజు పొట్లం అక్క చేతికివ్వొద్దు. జనంలో అక్క దొరకదు. నడుముకు కట్టుకోండి.