పాత మిద్దె మీద కొత్త కరెంటు: పిల్లలతో కలిసి ఒక లెక్క



సైన్స్ క్లాసులో సోలార్ ఎనర్జీ పాఠం చదివే పిల్లలకు మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2025 జనవరి 6న శాంతిపురం మండలం నడిమూరులో ఇళ్లపై సోలార్ పైలట్ ప్రాజెక్టును ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు ప్రారంభించారు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 1 కిలోవాట్‌కు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78,000 కేంద్ర సబ్సిడీ ఉంటుంది.

అయినా పాత ఇళ్లలో "మనకెందుకులే" అంటారు. "చిల్లులు వేస్తే మిద్దె కారదా?" "ఇల్లు ఇంకా తాత పేరు మీదే ఉంది కదా?" "మిగతా డబ్బు ఎక్కడినుంచి తేవాలి?" ఇవి తెలియక అడిగేవి కావు, పని మొదలుపెట్టే ముందు అడగాల్సినవే. కాబట్టి పెద్దల మాట కొట్టేయకుండా, పిల్లలతో ఈ లెక్క వేయించండి.

1. పన్నెండు నెలల కరెంటు బిల్లుల్లోని యూనిట్లు కూడి, 12తో భాగించండి. ఒక కిలోవాట్ ప్యానెల్ ఎండ బాగా ఉంటే రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది.

2. నీడ పడని మిద్దెను టేపుతో కొలవండి. కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి. చెట్టు నీడ, నీళ్ల ట్యాంకు నీడ ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూసి గీయమనండి.

3. శ్లాబులో పగుళ్లు, చెమ్మ ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందు మరమ్మతు, తర్వాతే ప్యానెల్. మట్టిమిద్దె, పెంకుల ఇల్లు అయితే బరువు ఆగుతుందో లేదో ఇంజనీరుకు చూపించాలి. చిల్లు వేసిన చోట నీరు దిగకుండా ఏం చేస్తారో కంపెనీవారితో రాయించుకోండి.

4. బిల్లు మీద, ఇంటి కాగితాల మీద ఎవరి పేరుందో పిల్లలతో చదివించండి.

5. అప్పు తీసుకుంటే, నెల వాయిదా ఒకవైపు, తగ్గే బిల్లు ఇంకోవైపు రాయండి.

ప్యానెల్ కుదరకపోతే నిరుత్సాహపడొద్దు. శ్లాబుకు తెల్లసున్నం వేసినా ఎండను వెనక్కి పంపి గది వేడి తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే.

లెక్క పూర్తయ్యాక, ఇంట్లో పెద్దల సందేహాన్ని చివరి గడిలో రాయించి పేరెంట్స్ మీటింగ్‌కు పంపండి. జవాబు దొరకని సందేహం మిగిలితే, డబ్బు కట్టే ముందు తేల్చుకోవాల్సింది అదే.