ఆకారమొకటే, అర్థము వేరు
(సర్వరు డ్రైవుల కనెక్టర్లు)

విద్యార్థులారా! కన్నడ సీమలో పెరుగుచున్న మీకు ‘ఊట’ యను మాట రెండు విధములుగా తెలియును. ఇంట నది నేలనుండి ఉబుకు నీరు. వీధిలో నది భోజనము. శబ్ద మొక్కటే, అర్థము వేరు. యంత్రములకును ఇట్టి చిక్కు కలదు. దానినే యీ పాఠమున వివరింపదలచితిమి.

బ్యాంకులు, ఆసుపత్రులు తమ లెక్కలను సర్వరు లనబడు కంప్యూటర్లలో నిలువచేయును. వానిలో ఫ్లాష్ చిప్పులు గల ఎస్.ఎస్.డి.లు నేడు విరివిగా వాడబడుచున్నవి. ఒక డ్రైవు చెడిన యెడల, సర్వరును ఆపకయే దానిని లాగి వేరొకటి దూర్పవలసియుండును. ఒకరు చేసిన డ్రైవు మరొకరు చేసిన గూటిలో పనిచేయవలెనన్న, పిన్నుల సంఖ్య, వరుస, పొడవు, పని యన్నియు ముందే నిర్ణయింపబడవలెను. ఆ యొడంబడికయే ప్రమాణము.

సాటా కనెక్టరునందు సంకేతములకు 7, విద్యుత్తునకు 15, వెరసి 22 పిన్నులు కలవు. డ్రైవును దూర్చునపుడు ఎర్తు పిన్నులు ముందుగా తాకునట్లు అమర్చిరి; కనుకనే నడుచుచున్న యంత్రమునందు డ్రైవును మార్చుట సాధ్యమగుచున్నది. సాస్ కనెక్టరునకు 29 పిన్నులు. సాటా డ్రైవు సాస్ గూటిలో ఇముడును గాని సాస్ డ్రైవు సాటా గూటిలో దూరదు. సాటా ముఖమున రెండు భాగముల నడుమ నున్న సందు సాస్ ముఖమున పూడ్చబడి యుండుటయే కారణము. ఇచట పొరపాటును ఆకారమే నివారించుచున్నది.

సాటా వేగము సెకనుకు 600 మెగాబైట్లకు మించదు. ఫ్లాష్ చిప్పులకు అది చాలదయ్యెను. 2011లో ఎన్.వి.ఎం.ఇ. నియమావళి వెలువడెను. దాని ననుసరించు డ్రైవులకై 68 పిన్నుల యూ.2 కనెక్టరు వాడుకలోనికి వచ్చెను. ఇందు పి.సి.ఐ.ఇ. దారులు నాలుగు; డ్రైవు 25 వాట్ల వరకు విద్యుత్తు గ్రహింపవచ్చును.

పిమ్మట యూ.3 వచ్చినది. సాస్, సాటా, ఎన్.వి.ఎం.ఇ. మూడింటికిని ఒకే గూడు చాలుట దీని సుగుణము. కాని ముఖము యూ.2 దే యైనను, దారులు నడచు పిన్నులు మారినవి. యూ.3 డ్రైవు యూ.2 గూటిలో పనిచేయును. యూ.2 డ్రైవు యూ.3 పద్ధతికి మాత్రమే తీగలు కూర్చిన గూటిలో చక్కగా దూరును. అయినను సర్వరు దానిని గుర్తింపదు. మన ‘ఊట’ కథ యిదియే! ఇమిడినంత మాత్రమున పనిచేయునని నమ్మరాదు. కొనుటకు ముందే గూటి ప్రమాణమును విచారింపవలెను.

ఇటీవలి ఇ.డి.ఎస్.ఎఫ్.ఎఫ్. వర్గమున పొడవైన ఇ1.ఎల్, పొట్టియైన ఇ1.ఎస్, వెడల్పైన ఇ3.ఎస్ మున్నగు రూపములు కలవు. ఇ1.ఎల్ పొడవు 318.75 మిల్లీమీటర్లు, అనగా మీ చేతి స్కేలుకన్న కొంచెము ఎక్కువ. దేహము లెన్ని విధములైనను కనెక్టరు కుటుంబ మొక్కటియే.

తలిదండ్రులకు ఒక్క మాట. యూ.3 డ్రైవు కొత్త గూటిని ఎరిగియు పాత గూటిని మరువలేదు. మీ బిడ్డలు కన్నడము చక్కగా నేర్వవలెను. అందులకై ఇంటి తెలుగును విడువనక్కరలేదు. ఎచట ఏ మాటకు ఏ యర్థమో తెలిసినవాడు రెండు చోట్లను రాణించును.

అభ్యాసము:
1. సాస్ డ్రైవు సాటా గూటిలో ఏల దూరదు?
2. యూ.2 డ్రైవు దూరియు పనిచేయని సందర్భ మేది?
3. ‘ఊట’ వంటి మాటలు మూడు సేకరింపుడు.