ఫ్లాట్ ఐరన్ స్టీకు, దానితో సాండ్విచ్చి చేయు విధము

పశుమాంసమును గూర్చి కసాయివా రెల్లరు ఎరిగిన సూత్ర మొకటి కలదు. ఎక్కువ పనిచేయు కండరము గట్టిది. తక్కువ పనిచేయునది మెత్తనిది. నడుము లోపలివైపున నుండు టెండర్లాయిన్ అను ఖండము పశువు నడచునప్పుడు స్వల్పముగనే శ్రమించును గనుక అన్నిటికంటె మెత్తన, వెలయు అట్లే ప్రియము. మెడయు జబ్బయు దినమంతయు బరువు మోయును గనుక అచ్చటి మాంసము గంటలకొలది కుండలో ఉడుకవలసినదే, లేదా కైమాగా మారవలసినదే. ఈ సూత్రము చాలవరకు నిజము. అది తప్పిన చోటొకటి కలదు. ఈ మాంసము ముట్టని యిండ్ల పిల్లలు సైతము దీనిని శరీరశాస్త్ర పాఠముగా చదువుకొనవచ్చును.

జబ్బయెముక బల్లపరుపుగా, మూడు మూలలు కలిగి యుండును. దాని వెలుపలి ముఖమున గట్టువలె నొక అంచు లేచియుండును. ఆ గట్టునకు వెనుకనున్న పల్లములో ఒదిగియున్న కండరమునకు ఇన్‌ఫ్రాస్పైనేటస్ అని పేరు. భుజపు కీలు ప్రక్కకు జారకుండ పట్టియుంచుట దాని పని. జబ్బలో నున్నను దీని పోగులు మెత్తనివి. వాని నడుమ సన్నని కొవ్వు చారలును కలవు. దీనికి గల లోప మొక్కటే. పుస్తకము మధ్యను అట్ట యొకటి దూర్చినట్లు, ఆ కొననుండి ఈ కొనవరకు దళసరియైన తెల్లని పొర యొకటి దీని గుండ పోవుచున్నది. అడ్డముగా ముక్కలు కోసినచో ప్రతిముక్క నడుమను ఆ పొర పండ్లకు తగులును. అందుచేత బహుకాలము ఇది తక్కువ వెలకు పోయినది.

అమెరికాలో 1990 దశకమున జబ్బమాంసమునకును తొడమాంసమునకును ధరలు పడిపోయి పశువుల పెంపకపు రైతులు నష్టపడిరి. ఆ దశకాంతమున నెబ్రాస్కా విశ్వవిద్యాలయమునకు చెందిన క్రిస్ కాల్కిన్సు, ఫ్లోరిడా విశ్వవిద్యాలయమునకు చెందిన డ్వేన్ జాన్సను మొదలగువారు ఆ భాగములందలి కండరములను ఒక్కొక్కటిగా విడదీసి పరీక్షించిరి. ఇట్టి పరీక్షలలో వార్నరు, బ్రాట్జ్లరు అనువారి పేర పిలువబడు యంత్రము వాడుక. వండిన మాంసమునుండి గుండ్రని చిన్న కడ్డీని తీసి, మొద్దుపాటి రేకుతో దానిని తెంచుటకెంత బలము కావలెనో కొలుతురు. నాలుక చెప్పు మాటను అంకెలలో చెప్పించు యుక్తి యిది. ఇన్‌ఫ్రాస్పైనేటస్ మెత్తదనమున టెండర్లాయిన్‌కు రెండవదిగా నిలిచెను! అప్పుడు వారు కత్తిని పొర వెంబడి పడుకోబెట్టి నడిపి, కండరమును రెండు పలకలుగా చీల్చి, పొరను తీసివేయు పద్ధతిని వ్యాపింపజేసిరి. పాతకాలపు ఇస్త్రీపెట్టెను పోలుటచేత ఆ పలకకు ఫ్లాట్ ఐరన్ అని పేరు వచ్చెనందురు. ఒక పశువున కట్టి పలకలు నాలుగే. పేరుపొందిన పిమ్మట దీని వెలయు పెరిగినది. అది అమ్మువానికి మేలు, కొనువానికి కాదు.

పొర నెందుకు తీయవలెనని పిల్లలు అడుగవచ్చును. అది ముఖ్యముగా కొలాజెన్ అను పదార్థము. కొలాజెన్ కరగి జిగురగుటకు తడివేడిమిలో చాలగంటలు పట్టును. నిప్పులపై స్టీకు ఉండునది పది నిమిషములే. ఆ కొద్ది వ్యవధిలో పొర కరగదు సరికదా, ముడుచుకొని మాంసమును వంచును. పొర పోయిన తరువాత మిగిలిన మెత్తని పోగులకు పది నిమిషములు చాలును. మిక్కిలి కాల్చినచో అవియును నీరు వదలి గట్టిపడును.

ఇక వండు విధము. సుమారు అరకిలో పలక, అంగుళము మందము గలది, ముగ్గురికి సరిపోవును. వండుటకు గంట ముందుగా రెండువైపుల ఉప్పు చల్లవలెను. ఉప్పు మొదట నీటిని వెలికిలాగును; పిదప ఆ నీరు ఉప్పుతో కూడ లోనికి ఇంకును. నిప్పులపై నుంచునప్పుడు పైభాగము పొడిగుడ్డతో తుడిచినట్లుండవలెను. తడియున్నచో వేడిమి యంతయు ఆ తడిని ఆవిరి చేయుటకే సరిపోవును, ఎఱ్ఱని వేపుడు రంగు రాదు. ఆ రంగును కమ్మని వాసనయు కలుగు రసాయనక్రియను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయార్డు. ఆ పేరే దానికి నిలిచెను. కొంచెము నూనె, మిరియాలపొడి రాచి, బూడిద కప్పిన కణకణ బొగ్గులపై ఇనుప కమ్మీల నుంచి, ఒక్కొక్కవైపు నాలుగైదు నిమిషములు కాల్చవలెను. గడియారముకంటె ఉష్ణమాపకమును నమ్ముట మంచిది. నడుమ 63 డిగ్రీల సెంటిగ్రేడు వచ్చి, దించిన పిదప మూడు నిమిషములు ఆగినచో క్షేమమని అమెరికా వ్యవసాయశాఖవారి నిబంధన. కైమాకైతే 71 డిగ్రీలు కావలెను. ఏలయనగా కొట్టునప్పుడు పైనున్న సూక్ష్మజీవులు లోనికి కలియును. కోసినప్పుడు కారు ఎఱ్ఱని రసమును నెత్తురనుకొని పలువురు రోతపడుదురు. అది మయోగ్లోబిన్ అను పదార్థముతో రంగెక్కిన నీరు.

పది నిమిషములు ఆగి, పోగులు సాగిన దిక్కును చూచి, దానికి అడ్డముగా సన్నగా కోయవలెను. ఇచ్చట తొందర కూడదు. స్టీకును నిండుగా రొట్టెలో పెట్టినచో మొదటి కొరుకుకే మాంసమంతయు వెలికి వచ్చి, తినువాని చేతిలో వట్టి రొట్టె మిగులును! మన పల్లెలలో ఎండవేయుటకు మాంసమును పోగుల వెంబడి పొడవుగా చీరుదురు. అది తీగవలె సాగి దండెముపై నిలుచుటకు. ఇచ్చట కావలసినది దానికి సరిగా వ్యతిరేకము.

నాల్గవ సాండ్విచ్చి ప్రభువైన జాన్ మాంటేగు పేర వెలసిన యీ వంటకమునకు రొట్టె యెట్టిదైనను చెల్లును. పైపెచ్చు గట్టిగానున్నది రసము పీల్చియు నానదు. కోసిన ముఖములను అవే నిప్పులపై చూపి, ఆవముద్ద పూసి, కమ్మీలపై వాడ్చిన ఉల్లి చక్రములు పరచి, మాంసమును పేర్చి, పలకపై చేరిన రసమును పైన పోయవలెను. మేమైతే వేరొక పచ్చడిని చేర్చము. మిగిలిన ముక్కలు శీతలపేటికలో మూడు దినములు నిలుచును. వానిని చల్లగనే తినుట మేలు, మరల కాచినచో గట్టిపడును. తీసివేసిన తెల్లని పొరను పారవేయరాదు. ఎముకలతో చేర్చి సన్నని సెగపై మూడు నాలుగు గంటలు కాచినచో చారు చిక్కబడును.