సురక్షిత రక్తం: దాత నుండి రోగి వరకు

మన దేశపు చట్టం దృష్టిలో మానవ రక్తం ఒక ఔషధం. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద రూపొందిన నియమావళి దాని సేకరణకు, నిల్వకు, పంపిణీకి లైసెన్సును తప్పనిసరి చేసింది. అయితే తక్కిన ఔషధాలకు, దీనికి ఒక పెద్ద భేదమున్నది. మాత్రల ముడిసరుకును కర్మాగారంలో తూచి, పరీక్షించి, దోషముంటే పారవేయవచ్చు. రోగుల అవసరానికి సరిపడే రక్తాన్ని తయారుచేయగల కర్మాగారం నేటికీ లేదు, మనిషి ఇవ్వవలసిందే. కనుక రక్తపు నాణ్యతను గూర్చిన విచారణ ప్రయోగశాల కంటె ముందే, దాతను వైద్యుడు అడిగే ప్రశ్నలతో ఆరంభమవుతుంది.

దాత వయస్సు 18 నుండి 65 సంవత్సరాల మధ్య, బరువు కనీసం 45 కిలోలు ఉండవలెను. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12.5 గ్రాములకు తగ్గరాదు. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి మాత్రమే రక్తమివ్వవచ్చు. ఇవి కొలిచి, లెక్కించి తెలుసుకోదగినవి. ఇటీవల కామెర్లు వచ్చినవా, ఇతరులు వాడిన సూదితో మందు ఎక్కించుకొన్నారా అనే ప్రశ్నలకు మాత్రం దాత చెప్పే సమాధానమే ఆధారం.

సేకరించిన ప్రతి యూనిట్‌ను హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియాలకు పరీక్షిస్తారు గదా, ఇక దాత మాటతో పనేమి అని పాఠకులకు తోచవచ్చు. వ్యాధికారక క్రిమి శరీరంలో ప్రవేశించిన నాటికి, పరీక్షలో అది బయటపడే నాటికి నడుమ కొంత వ్యవధి ఉంటుంది. హెచ్.ఐ.వి. ప్రతిరక్షకాలను వెదికే పరీక్షకు ఈ వ్యవధి సుమారు మూడు వారాలు. క్రిమి జన్యుపదార్థాన్నే వెదికే న్యూక్లియిక్ ఆమ్ల పరీక్ష దానిని తగ్గించింది గాని పూర్తిగా తొలగించలేదు. ఖర్చు ఎక్కువగుటచే అది అన్ని కేంద్రాలలోను లేదు. ఆ కొద్ది రోజులలో ఇచ్చిన రక్తం పరీక్షలో నిర్దోషమని తేలుతుంది, రోగికి వ్యాధిని చేరవేస్తుంది. తీవ్రమైన తలసీమియాతో పుట్టిన బిడ్డకు రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తమెక్కించవలసి ఉంటుంది. యుక్తవయస్సు వచ్చేసరికి ఆ బిడ్డ వందలాది అపరిచితుల రక్తాన్ని స్వీకరించి ఉంటుంది. వారిలో ఒక్కరు నిజం దాచినా చాలు.

నిజం దాచడానికి ప్రబల కారణం డబ్బు. రక్తం అమ్ముకొని బ్రతికేవారు ఒకప్పుడు నగరాలలో ఉండేవారు. అమ్మేవానిని ‘వృత్తిదాత’ అని పిలవడమే ఒక వింత. 1986లో మద్రాసులో హెచ్.ఐ.వి. ఉనికి దేశంలో మొదటిసారిగా బయటపడింది. 1989లో రక్తానికి ఆ పరీక్ష తప్పనిసరి అయినది; అమ్మకం మాత్రం ఆగలేదు. హెచ్.డి. శౌరి నడిపిన ‘కామన్ కాజ్’ సంస్థ వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పునిచ్చింది. ఫలితంగా ఆ ఏడే జాతీయ రక్తమార్పిడి మండలి ఏర్పడింది. 1998 జనవరి 1 నుండి రక్తపు అమ్మకం నిషిద్ధమైనది. 2002 నాటి జాతీయ రక్త విధానం స్వచ్ఛంద దానమే లక్ష్యమని ప్రకటించింది.

అయినను, రక్తం కావాలంటే బదులుగా మనిషిని తీసుకొని రమ్మనే పద్ధతి ఆసుపత్రులలో పూర్తిగా పోలేదు. ఇది మేలైన పద్ధతి కాదు. లోపల అక్కకు శస్త్రచికిత్స జరుగుతుండగా, వెలుపల బంధువుల నడుమ నిలిచిన తమ్ముడు తన రహస్యాలను విప్పి చెప్పగలడా? బంధువే దొరకనిచోట డబ్బు పుచ్చుకొన్నవాడు బంధువుగా వచ్చి నిలబడతాడు.

ప్రయోగశాలలో జరిగే పనులలో వర్గనిర్ణయం ముఖ్యమైనది. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ వెల్లడించిన రక్తవర్గాలకు ఎర్రకణాలపై ఉండే ఎ, బి అనే గుర్తులు ఆధారం. ఈ గుర్తులకు పునాది ‘హెచ్’ అనే పదార్థం. ఓ వర్గం వారిలో ఆ పునాది మాత్రమే ఉంటుంది. 1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు ఆ పునాది కూడా లేని రక్తాన్ని గుర్తించారు. దానికే ‘బొంబాయి వర్గం’ అని పేరు. మన దేశంలో సుమారు 10,000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. పేరు బొంబాయిదే గాని, దక్షిణాది రాష్ట్రాలలోను ఈ వర్గంవారు కలరు. కణాలను మాత్రమే పరీక్షిస్తే వీరు ఓ వర్గంవారుగానే కనబడతారు. అట్లని ఓ రక్తం ఎక్కిస్తే వీరి రక్తంలోని ప్రతిరక్షకాలు ఆ కణాలను ధ్వంసం చేస్తాయి. అందుచేతనే సీరాన్ని ఎ, బి, ఓ కణాలతో కలిపి ఎదురుపరీక్ష కూడా చేస్తారు. ఈ వర్గపు రోగికి అదే వర్గపు దాత కావలెను. ఒక రాష్ట్రంలోని రోగికై మరొక రాష్ట్రంలో దాతను వెదకి రక్తం తెప్పించిన సందర్భాలు ఉన్నవి.

నిల్వలోను భేదాలున్నవి. ఎర్రకణాలు 2 నుండి 6 డిగ్రీల సెల్సియస్ చలిలో, కలిపిన ద్రావణాన్ని బట్టి 35 లేక 42 రోజులు నిలుస్తాయి. ప్లేట్‌లెట్లను 22 డిగ్రీల వద్ద కదుపుతూ ఉంచినా ఐదు రోజులే.

ఇంత జాగ్రత్తగా వచ్చిన రక్తం పొరపాటున పక్కమంచం రోగికి ఎక్కవచ్చు. వర్గం కలియని రక్తమార్పిడులలో అధికభాగానికి ఇట్టి గుర్తింపు పొరపాట్లే కారణం. కనుక సంచిపై సంఖ్యను, వర్గాన్ని, రోగి వివరాలను ఇద్దరు సరిచూడవలెను. “మీరు ఫలానా వారేనా?” అని అడుగరాదు, జ్వరంలో ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతాడు. “మీ పేరేమిటి?” అని అడుగవలెను. మొదటి 15 నిమిషాలు రోగిని కనిపెట్టి ఉండవలెను. చలి, జ్వరం, నడుమునొప్పి కనిపిస్తే వెంటనే ఆపి, సంచిని పారవేయక రక్తకేంద్రానికి తిరిగి పంపవలెను. ఇట్టి దుష్ఫలితాలను దేశమంతటి నుండి సేకరించే కార్యక్రమం 2012 డిసెంబరు 10న ఆరంభమైనది. నివేదిక పంపిన ఆసుపత్రిని శిక్షించడం దాని ఉద్దేశం కాదు. పొరపాటు ఏ ఘట్టంలో దొర్లినదో తెలుసుకోవడమే.