శస్త్రచికిత్స తరువాత బిడ్డకు చేయవలసిన పరిచర్య
(పాఠ్యభాగము: మార్కు 5:35–43)

యాయీరు కుమార్తె వృత్తాంతమును మన సండేస్కూలు పిల్లలు సయితము చెప్పగలరు. అయితే ఆ బిడ్డ లేచిన తరువాత ప్రభువు చెప్పిన మాటను మనము అంతగా గమనింపము. ఆమెకు ఏదైనను తినిపింపుమని ఆయన చెప్పెను. పండ్రెండేండ్ల పిల్లకు ఆకలి వేయుననుట ఆ యింటివారికి ఆశ్చర్యములో తోచలేదు, ప్రభువునకు తోచెను.

ఆపరేషను జరిగిన బిడ్డ విషయములో మనమును ఆ యింటివారివలెనే యుందుము. ఆపరేషను బాగుగా జరిగెనని వినగానే కృతజ్ఞతార్పణ చెల్లించి, గండము గడచెనని ఊపిరి పీల్చుకొందుము. డాక్టరుగారి కత్తిపని గంటలోనో రెండు గంటలలోనో ముగియును. నర్సమ్మగారి పనియు తల్లి పనియు అప్పుడే ఆరంభమగును. కుట్లు మానుట మాత్రమే స్వస్థత కాదు. బిడ్డ భయము, నిద్ర, ఆకలి, ఆటలు, తోడిపిల్లల మధ్య దాని స్థానము, ఇవన్నియు మరల కుదుటపడవలెను.

అదే అధ్యాయము 40వ వచనములో, గొల్లున ఏడ్చుచున్న గుంపును ప్రభువు బయటికి పంపి, తల్లిదండ్రులను మాత్రము తనతో లోపలికి తీసికొనిపోయెను. ఈ రెండు పనుల విలువను పెద్ద దేశముల ఆస్పత్రులును ఆలస్యముగానే గ్రహించినవి. ఇంగ్లండులో అనేక ఆస్పత్రులు తల్లిదండ్రులను కొద్ది గంటలు మాత్రమే చూడనిచ్చెడివి. తల్లి వచ్చి వెళ్లునప్పుడు బిడ్డ ఏడ్చును గనుక, రాకుండుటయే మేలని అక్కడివారి తలంపు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అను ఆయన, చిన్న ఆపరేషను కొరకు ఎనిమిది దినములు ఆస్పత్రిలోనున్న రెండేండ్ల ఆడబిడ్డను చలనచిత్రముగా తీసి చూపించెను. ఆ బిడ్డ పెద్దగా ఏడ్వదు. ఏడ్పును లోలోపల దిగమ్రింగుకొనును. ఊరకున్న బిడ్డ కుదుటపడిన బిడ్డ కాదని అనేకులు దానివలన తెలిసికొనిరి. 1959లో సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము, తల్లిదండ్రులను అడ్డులేక రానియ్యవలెననియు, చిన్నబిడ్డలతో తల్లులను కూడ ఉంచుకొనవలెననియు తన నివేదికలో చెప్పెను. మన తల్లులు మంచము ప్రక్కనే చాప పరచుకొని పండుకొనుట ఎవరి నివేదికను చదివి నేర్చుకొన్నది కాదు. నర్సమ్మగారు ఆ తల్లిని అడ్డముగా ఎంచక, బిడ్డ నొప్పిని అందరికంటె ముందుగా కనిపెట్టగల సహాయకురాలిగా ఎంచవలెను.

ఇక గుంపు సంగతి. మన గ్రామములలో పరామర్శ ప్రేమకు గుర్తే. గాని రొట్టెయు బత్తాయిలును పట్టుకొని పదిమంది మంచము చుట్టు చేరి, ఫలానావారి పిల్లవాడు ఇదే ఆపరేషనులో పోయెనని బిడ్డ వినునట్లు చెప్పుకొనుట ఏ పరామర్శ? దగ్గు, జలుబు ఉన్నవారు అసలే వెళ్లరాదు. సంఘకాపరియైనను సరే, చేతులు కడుగుకొని, నెమ్మదియైన చిన్న ప్రార్థన చేసి లేచి రావలెను. మీ విశ్వాసము చాలలేదని తల్లితో ఎవరును అనకుందురు గాక.

ప్రభువు ఆ బిడ్డ చెయ్యి పట్టుకొని, ఆమె యింటి భాషలోనే పిలిచెను. సువార్త గ్రీకులో వ్రాయబడినను ఆ అరమేయిక మాట అట్లే నిలిచియున్నది. బిడ్డతో బిడ్డ భాషలోనే మాటలాడవలెను. “ఏమీ చేయరు” అని చెప్పి సూది పొడిపించినయెడల, ఆ తరువాత మన మాట ఏదియు నమ్మడు. “కొంచెము నొప్పి పుట్టును, నేను నీ చెయ్యి పట్టుకొనియుందును” అనుట మేలు. అన్నము తినకపోతే డాక్టరుచేత సూది వేయింతునని ఇంటిలో బెదరించు అలవాటును మానవలెను.

మగపిల్లవాడు ఏడ్వకూడదని కొందరందురు. పసికందులకు నొప్పి తెలియదని 1980ల వరకు కొందరు వైద్యులు సయితము తలంచిరి. మన దేశమున వైద్యవిద్య నేర్చి ఆక్స్‌ఫర్డుకు వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ గారును ఆయన తోడివారును 1987లో దీనిని పరీక్షించి చూపిరి. నెలలు నిండక పుట్టిన శిశువులకు ఆపరేషనులో బలమైన నొప్పిమందు ఇచ్చినయెడల వారి శరీరము తక్కువగా తల్లడిల్లి, తరువాతి చిక్కులును తగ్గెను. కాబట్టి బిడ్డ నొప్పి అన్నప్పుడు నమ్ముడి. మాటలు రాని బిడ్డ ముఖము చిట్లించును, కాళ్లు ముడుచుకొనును, ఎత్తుకొన్నను ఊరుకొనడు. వ్రాసి ఇచ్చిన మందును నొప్పి ముదిరిన తరువాత కాక వేళకు ఇయ్యవలెను. మోతాదు బిడ్డ బరువునుబట్టి యుండును గనుక పెద్దవారి మాత్రను అంచనాగా విరిచి వేయరాదు. డాక్టరు చెప్పనిదే పిల్లలకు ఆస్పిరిన్ ఇయ్యనే కూడదు.

ఇప్పుడు భోజనము మాట. మనవారి పత్తెము ఎంత కఠినమో మనకందరికిని తెలియును. పప్పు తింటే చీము పట్టునని, గ్రుడ్డు వేడియని, పెరుగు పడదని, బిడ్డకు వారముల తరబడి కారపు మెతుకులు పెట్టుదురు. చీము పప్పువలన పుట్టదు. గాయములో చేరిన క్రిములవలన పుట్టును. తెగిన కండను శరీరము మాంసకృత్తులతోనే అల్లుకొనవలెను. అవి పప్పులోను, గ్రుడ్డులోను, పాలలోను, చేపలోను ఉన్నవి. జామకాయ, ఉసిరికాయ, నిమ్మపండు గాయము మానుటకు తోడ్పడును. వంకాయ, గోంగూర మానిపింతుమని అమ్మమ్మగారు పట్టుపట్టినయెడల వాదింపనక్కరలేదు, అందువలన నష్టము లేదు. పప్పును గ్రుడ్డును మానిపించినయెడల మాత్రము నష్టమే. అయితే కడుపు ఆపరేషను తరువాత డాక్టరుగారు పెట్టుమను వరకు ఏమియు పెట్టరాదు. బిడ్డ ఏడ్చుచున్నాడని చాటుగా బిస్కత్తు పెట్టుట ప్రేమ కాదు.

గ్రహణము మొర్రితో పుట్టిన బిడ్డల విషయము వేరుగా చెప్పవలసియున్నది. గర్భిణి గ్రహణమప్పుడు కత్తి పట్టెననియు, కదలెననియు తల్లిని నిందింతురు. గ్రహణమునకు దీనికి సంబంధము లేదు. గర్భములో మొదటి రెండు మూడు నెలలలో పెదవియు అంగిలియు సరిగా కలిసికొననందున ఇది కలుగును. యోహాను 9వ అధ్యాయములో, ఎవరు పాపము చేసిరని అడిగిన శిష్యులకు ప్రభువు ఇచ్చిన జవాబును ఆ యత్తగారికి చదివి వినిపింపుడి. పెదవి ఆపరేషను సాధారణముగా మూడు మొదలు ఆరు నెలల ప్రాయమున చేయుదురు. తరువాత బిడ్డ వ్రేళ్లు కుట్లమీదికి పోకుండ చూడవలెను. పాలు ఎట్లు పట్టవలెనో నర్సమ్మగారి యొద్ద చేతితో చేసి నేర్చుకొని మరీ ఇంటికి రండి.

యాయీరు కుమార్తె వెంటనే నడిచెను. మన పిల్లలును, డాక్టరుగారు సెలవిచ్చిన పిమ్మట, త్వరగా లేచి నడచుట మంచిది. కదలక పండుకొనియున్నయెడల ఊపిరితిత్తులలో కఫము నిలుచును. కడుపుకు చిన్న దిండు అదుముకొని దగ్గమనుడి. సబ్బునీటి బుడగలు ఊదుట, కాగితపు గాలిపంకాను ఊదుట బిడ్డకు ఆట, ఊపిరితిత్తులకు వ్యాయామము. పెదవికిగాని అంగిలికిగాని ఆపరేషనైన బిడ్డకు మాత్రము ఈ ఊదుడు తగదు.

ఇంటికి వచ్చిన తరువాత, ఎప్పుడో మానిన బిడ్డ మరల ప్రక్క తడుపవచ్చును, రాత్రులు ఉలికిపడవచ్చును, తల్లి కొంగు విడువకపోవచ్చును. ఇది మొండితనము కాదు, దయ్యము కాదు. కొట్టవద్దు, తాయెత్తు కట్టవద్దు. బొమ్మకు కట్టు కట్టి సూది వేసి ఆడుకొననిండి, భయము ఆటలో కొంత కరగును. వారములు గడచినను తగ్గనియెడల డాక్టరుగారితో చెప్పుడి.

కుట్లమీద పసుపు, బూడిద, కాఫీపొడి, నూనె ఏదియు పెట్టరాదు. జ్వరము వచ్చినను, గాయము ఎఱ్ఱబడి వాచి చెమ్మ కారినను, దుర్వాసన కొట్టినను, వాంతులు ఆగకపోయినను, మూత్రము రాకపోయినను, బిడ్డ మగతగా పడియున్నను, ఆదివారపు ఆరాధన ముగియువరకు కనిపెట్టక వెంటనే ఆస్పత్రికి తీసికొనిపొండు.