నడుమెత్తు గోడ చాలు

నాయనా, మీ ఆఫీసులో అందరూ కలిసి అబ్‌స్టకిల్ రేసు పెట్టుకుంటున్నారనీ, దాన్ని నడిపించే పని నీ మీద పడిందనీ తెలిసి సంతోషించాను. ప్రొద్దుటూరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ మా సిబ్బంది ఆటల పోటీల బరువు నా మీదే ఉండేది. గోనెసంచి పరుగు, మూడుకాళ్ళ పరుగు, నిమ్మకాయ చెంచా, తాడులాగుడుతో మొదలుపెట్టి, టైర్లూ గోడలూ వలలూ దాటే పరుగు దాకా వచ్చాము. ఇప్పుడు హైదరాబాదులో డెవిల్స్ సర్క్యూట్ లాంటివి జరుగుతున్నాయి. ఐదు కిలోమీటర్లు, పదిహేను అడ్డంకులు. పిల్లలు డబ్బు కట్టి మరీ పోయి బురదలో పొర్లి వస్తున్నారు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో మోడరన్ పెంటథ్లాన్‌ నుంచి గుర్రపుస్వారీ తీసేసి ఆ స్థానంలో అడ్డంకుల పరుగు పెడుతున్నారు. ఆ పోటీల సంగతి చెప్పడానికి వేరేవాళ్ళున్నారు. సోమవారం పొద్దున మళ్ళీ పక్క సీట్లో కూర్చోవలసిన మనిషితో పరిగెత్తే పరుగు ఎట్లా ఉండాలో నాకు తెలిసినంత చెబుతాను.

1. చివర వచ్చేవాడి కాలితో కొలత తియ్యి.

కాలేజీ రోజుల్లో నేను ఎన్.సి.సి.లో ఉన్నాను. అక్కడి అబ్‌స్టకిల్ కోర్సులో ఆరడుగుల గోడ, జోడు గుంతలు, వంకరటింకర దూలం మీద నడక ఉంటాయి. కుర్రతనంలో అవి నాకు ప్రాణం. ఆఫీసులో మొదటిసారి పరుగు పెట్టినప్పుడు ఆ గోడనే తెచ్చి మైదానంలో నిలబెట్టాను. ఇరవై ఏళ్ళవాళ్ళు పిల్లుల్లా ఎగిరి దూకారు. నలభై దాటినవాళ్ళు గోడ దాకా వచ్చి, ఒకసారి పైకి చూసి, చెప్పులు వెతుక్కున్నారు. "నాతో అయ్యేది కాదు సార్, నన్నిడ్సిపెట్టండి" అన్నాడొక పెద్ద గుమాస్తా. ఆ గొంతులో సిగ్గు నాకు అప్పుడు వినబడలేదు. పోటీ బాగా జరిగిందనే అనుకున్నాను. మరుసటి ఏడు పేర్లిచ్చినవాళ్ళ జాబితా చూశాక తెలిసింది, గోడ ఎత్తు సగంమందిని ఇంటి దగ్గరే కూర్చోబెట్టిందని.

తర్వాత నేను పాటించిన కొలతలు రాసుకో. మొత్తం దూరం కిలోమీటరు లోపు. అడ్డంకులు ఎనిమిదికి మించొద్దు. గోడ నడుమెత్తు చాలు, రెండు వైపులా వరిగడ్డి మోపులు పరిపించు. మోసే ఇసుక మూట ఐదు కిలోలుంటే సరిపోతుంది. నడిచే పలక రెండు ఇటుకల ఎత్తున, జానెడు వెడల్పున ఉంటే తూలినా కాలు కింద పెట్టొచ్చు. లారీ వర్క్‌షాపుల దగ్గర పాత టైర్లు అడిగితే ఇస్తారు, వాటిని నేల మీద పరిస్తే చాలు. మార్కెట్ యార్డులో గోనెసంచులు దొరుకుతాయి. క్రికెట్ ప్రాక్టీసు వల ఒకటి తెచ్చి వంగి పోయేంత ఎత్తున కట్టు, పాకే పని పెట్టొద్దు. ప్రతి అడ్డంకి పక్కనా ఒక దారి వదులు. దాటలేనివాళ్ళు ఆ దారిన నడిచిపోవాలి, అందుకు శిక్షలూ కోతలూ ఉండకూడదు. పోటీకి వారం ముందు, ఆఫీసులో అందరికంటే పెద్దాయననూ బాగా ఒళ్ళున్న మనిషినీ వెంటబెట్టుకుని ఒక సాయంత్రం ఆ దారంతా నడువు. వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడ కొలత మార్చు.

2. అడ్డంకి పెట్టేది చెయ్యి అందించుకోవడానికి.

1902లో మార్టినిక్ ద్వీపంలో పెలే అగ్నిపర్వతం బద్దలై సెయింట్ పియర్ పట్టణం బూడిదైపోయింది. అప్పుడు జార్జ్ ఎబేర్ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి జనాన్ని కాపాడే పనిలో ఉన్నాడు. కండబలం ఉన్నా ఆపదలో ఎట్లా కదలాలో తెలియకపోతే లాభం లేదని ఆయనకు తోచింది. ఎక్కడం, దూకడం, పాకడం, మోయడం కలిపి ఒక శిక్షణ తయారుచేశాడు. సైన్యాల్లో నేటికీ కనబడే అడ్డంకుల దారులకు ఆ శిక్షణ ఒక మూలం. పక్కవాడికి పనికిరావడానికే బలం సంపాదించాలని ఆయన నమ్మకం.

అంత దూరం పోనక్కరలేదు, మన సీమ పల్లెల్లో ఉట్లమాను చూడు. నున్నగా చెక్కి జిడ్డు పూసిన మానును ఒంటరిగా ఎక్కినవాడు జారి కింద పడతాడు. పైనుంచి నీళ్ళు కుమ్మరిస్తున్నా, కింద ఒకరి భుజం మీద ఒకరు నిలబడితేనే పైవాడి చెయ్యి ఉట్టికి అందుతుంది. ఊరు ఊరంతా ఆ భుజాల్ని చూసి కేకలు పెడుతుంది.

అందుకని ఒంటరి పరుగు మానిపించి నలుగురేసి జట్టు కట్టించు. చీట్లు తీసి జట్లు వెయ్యి. లేకపోతే స్నేహితులంతా ఒకచోట చేరి, కొత్తగా చేరిన పిల్లవాడు మిగిలిపోతాడు. ఒక్కో జట్టులో ఒక అధికారి, ఒక గుమాస్తా, ఒక అటెండరు, ఒక కొత్తవాడు పడేట్టు చీట్లను నాలుగు డబ్బాల్లో వేరు చెయ్యి. జట్టులో నాలుగో మనిషి గీత దాటినప్పుడే గడియారం ఆపు. ఈ ఒక్క నియమం పెట్టాక మా మైదానం మారిపోయింది. ముందు పరిగెత్తిన కుర్రాడు గోడ దగ్గర వెనక్కి తిరిగి వచ్చి, మోకాలు వంచి, తన తొడ మీద కాలు పెట్టమని క్యాషియరును పిలవడం నేను చూశాను. అమెరికాలో 2010లో మొదలైన టఫ్ మడ్డర్ పోటీల్లో కూడా పరుగు మొదలయ్యేముందు, సమయం కంటే తోటివాళ్ళే ముఖ్యమని అందరిచేతా ప్రమాణం చేయిస్తారు.

3. నేలను నీ అరికాలితో చదువు.

దూరం నుంచి చూస్తే మైదానం చదునుగానే ఉంటుంది. మన దిక్కు వానలు వెనకబట్టాక నేలంతా పల్లేరు పరుచుకుంటుంది. తీగ ఎండి మాయమైనా కాయలు మిగులుతాయి. పల్లేరుకాయ ఎట్లా పడినా ఒక ముల్లు పైకే నిలబడి ఉంటుంది. గోనెసంచి పరుగుకు వట్టికాళ్ళతో దిగినవాళ్ళ పాదాల్లోంచి వాటిని ఏరుతూ కూర్చున్నాక ఒక ఉపాయం నేర్చుకున్నాను. గోనెపట్టాను తడిపి, తాడు కట్టి, పరుగుదారి పొడుగునా రెండు మూడుసార్లు ఈడ్పించు. కాయలు పట్టాకు గుచ్చుకుని వచ్చేస్తాయి. పట్టా తిరగేసి చూస్తే ఎంతమంది పాదాలు కాపాడావో నీకే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా బూట్లు లేనిదే ఎవరినీ దిగనివ్వొద్దు.

నల్లరేగడిలో పరుగు పెట్టొద్దు. ఎండితే నెర్రెలిచ్చి మడమ ఇరుక్కుంటుంది, తడిస్తే అడుగడుగుకూ మట్టి అంటుకుని కాలు లేవదు. బురద గుంట కావాలని కుర్రవాళ్ళు పట్టుబడతారు. అప్పుడు ఎర్రమట్టి, ఇసుక జల్లెడపట్టి, చీలమండ లోతున, కుళాయి నీళ్ళతో తయారుచేయించు. కాలువ నీళ్ళు వాడొద్దు. గాజుపెంకులూ కంపముళ్ళూ లేవని నువ్వే చేత్తో కలియబెట్టి చూసుకో. నాపరాళ్ళు మన దగ్గర చవగ్గా దొరుకుతాయి కదా అని మెట్లకూ గట్లకూ వాడబోతారు. నాపరాయి తడిస్తే జారుతుంది, విరిగిన అంచు కోస్తుంది. మైదానం దగ్గరికి రానీయకు.

పెన్నలో పెడదామనేవాళ్ళూ ఉంటారు. ఎండిన ఏరు ఇసుకతో అందంగా ఉన్నమాట నిజమే. ఇసుక తోడిన గుంతల్లో నిలిచిన నీళ్ళ లోతు ఎవరికీ తెలియదు. పైన మైలవరం జలాశయం గేట్లు ఎత్తితే నీళ్ళు వస్తాయి. గండికోటకైతే జట్టుగా పోయి కోటలో నడవండి, మాధవస్వామి గుడీ జుమ్మా మసీదూ చూడండి, పెన్న తొలిచిన లోయను కళ్ళారా చూడండి. ఆ లోయ అంచున మాత్రం పరుగు మాట ఎత్తొద్దు.

4. ఎండతో పంతం పెట్టుకోవద్దు.

శివరాత్రి దాటితే మన ఊళ్ళలో చలి పోతుంది, ఆపైన ఎండ ముదురుతుంది. డిసెంబరు, జనవరి నెలలు చూసుకో. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించు. ఉపన్యాసాలు పెడితే పరుగు ఎండలోకి జారుతుంది, కాబట్టి ముఖ్య అతిథి వచ్చినా రాకున్నా టైముకు మొదలుపెట్టాల్సిందే. ప్రతి రెండు అడ్డంకులకు ఒకచోట నీళ్ళు పెట్టు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అన్నీ తలగొట్టి కొలిచి కలుపు. ఎవరైనా తూలితే నీడకు చేర్చి, గుడ్డలు వదులు చేసి, ఒంటిమీద నీళ్ళు చల్లి విసరాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. వెంటనే 108కి ఫోను చెయ్యాలి.

5. ఒంటి సంగతి నలుగురిలో అడగొద్దు.

"ఎవరికైనా షుగరు ఉందా, బీపీ ఉందా" అని మీటింగులో అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. నేను అడిగాను, లేవలేదు. పరుగు మధ్యలో ఒకాయనకు చెమటలు పట్టి చేతులు వణికితే ఆయన జేబులో మాత్రల చీటీ దొరికింది. రాత్రి తిన్నది తప్ప పొద్దున ఏమీ తినకుండా వచ్చాడు. గ్లూకోజు తాగించాక తేరుకున్నాడు. అప్పటి నుంచి విడివిడిగా, మూసిన కవర్లో చీటీ రాయించుకునేవాణ్ణి. ఆడవాళ్ళ చీటీలు ఒక ఆడ ఉద్యోగే తీసుకోవాలి, ఆమే దాచుకోవాలి. గుండె జబ్బున్నవాళ్ళూ మోకాళ్ళ నొప్పులవాళ్ళూ గర్భిణులూ డాక్టరు మాట విని రావాలి, లేదంటే టైము రాయడం, జెండా ఊపడం, జట్టుకు పేరు పెట్టి పిలవడం లాంటి పనుల్లో ఉండాలి. ఆ పనులు చేసినవాళ్ళ పేర్లు కూడా జట్టు జాబితాలోనే రాయి.

చీలమండ మడతపడితే బామ్ రాసి నలిపేవాళ్ళు పదిమంది పోగవుతారు. నలపనివ్వొద్దు. గుడ్డలో ఐసు చుట్టి పెట్టి, కాలు ఎత్తున ఉంచి, ఎక్స్‌రే తీయించు. పుత్తూరు కట్టుకు పోదామనేవాళ్ళకు కూడా ముందు ఎక్స్‌రే అని చెప్పు.

6. చీరకట్టు చూసి ఆడవాళ్ళు రారనుకోవద్దు.

చాలా ఏళ్ళు వాళ్ళకు మ్యూజికల్ చైర్సు, ముగ్గులు పెట్టి సరిపెట్టాము. ఒకసారి టైపిస్టు అమ్మాయి వచ్చి, "మేమూ దూకుతాం సార్, ఆ వల కింద వంగేటప్పుడు మాత్రం చుట్టూ మగోళ్ళు నిలబడకుండా చూడండి" అన్నది. ఆమె అడిగింది అంతే. వల ఉన్నచోట రెండు వైపులా షామియానా గుడ్డ కట్టించాము, బట్టలు మార్చుకోవడానికి ఒక గది తాళంచెవి వాళ్ళ చేతికిచ్చాము, పంజాబీ డ్రెస్సూ ట్రాక్ ప్యాంటూ ఏది వేసుకున్నా ఎవరూ మాట అనకూడదన్నాము. ఆ ఏడు ఆడవాళ్ళున్న జట్లే ఎక్కువ. అన్నేళ్ళూ ఎందుకు రావడం లేదని వాళ్ళను ఒక్కమాట అడగనందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

7. పడినవాడు నవ్వాకే నువ్వు నవ్వు.

ఇది చెప్పడానికి నాకు కొంచెం కష్టం. మా లెక్కల విభాగంలో నెమ్మదస్తుడొకాయన ఉండేవాడు. నేను బలవంతం చేసి పేరు రాయిస్తే వచ్చాడు. టైర్ల మధ్య బోర్లా పడ్డాడు, చొక్కా పైకి లేచింది, కళ్ళజోడు దూరంగా ఎగిరిపోయింది. మైదానమంతా నవ్వింది, నేనూ నవ్వాను. అక్కడితో ఆగలేదు. ఫోటోలు కడిగించి నోటీసు బోర్డుకు అంటించినప్పుడు ఆ ఫోటోను నడిమధ్యన పెట్టింది నేనే. సాయంత్రం అందరూ పోయాక ఆయన బోర్డు దగ్గర నిలబడి, గుండుసూదులు ఒక్కొక్కటే తీసి, ఫోటోను జేబులో పెట్టుకుని, సూదుల్ని మళ్ళీ బోర్డుకే గుచ్చిపోయాడు. తలుపు దగ్గర నేను నిలబడి ఉన్నాను, పలకరించలేదు. ఆ తర్వాత ఆయన పిక్నిక్కులకు రాలేదు, వీడ్కోలు సభలకు రాలేదు. బదిలీ అయి పోయేటప్పుడు కూడా నేను క్షమాపణ అడగలేదు, ఆయన దాన్ని మరిచిపోయి ఉంటాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

మీ రోజుల్లో నోటీసు బోర్డు లేదు, వాట్సాప్ గ్రూపు ఉంది. ఒక ఫోటో క్షణంలో వాళ్ళ పిల్లల ఫోన్లలోకి కూడా చేరుతుంది. ఎవరి ఫోటో అయినా వాళ్ళకు ముందు చూపించి, సరేనంటేనే పెట్టు. ఫోటోలు తీసేవాడికి పరుగుకు ముందే ఈ సంగతి గట్టిగా చెప్పు.

8. పెద్దసారును గెలిపించొద్దు.

గెలిపిస్తే అందరికీ తెలిసిపోతుంది, ఆయనకూ తెలుస్తుంది. ఆయన జట్టు ఎన్నో స్థానంలో వస్తే ఆ స్థానంలోనే చదువు. మంచి అధికారి అయితే దానికి నిన్ను మెచ్చుకుంటాడు.

9. పరుగెత్తినవాళ్ళంతా ఒకే పంక్తిలో తినాలి.

మైదానం ఊడ్చినవాళ్ళు, టైర్లు మోసినవాళ్ళు, వాచ్‌మను, కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు పరుగులో ఉంటారా లేదా అని నువ్వు మొదటి రోజే తేల్చుకోవాలి. మా దగ్గర పర్మనెంటు వాళ్ళకే పోటీలని కాగితం మీద ఉండేది. ఆ కాగితాన్ని మార్పించడానికి నాకు ఏళ్ళు పట్టింది, గట్టిగా అడిగి ఉంటే ముందే మారేదేమో. పేర్లు రాసేటప్పుడు హోదా గడి తీసెయ్యి. టిఫిను ఉగ్గాని బజ్జీలు చెప్పు, మన దిక్కు పరుగెత్తి వచ్చినవాళ్ళకు దానికి మించింది లేదు. మజ్జిగ ముంతలు ఎక్కువే పెట్టించు. బఫే పెట్టొద్దు, పట్టాలు పరిచి జట్లవారీగా కూర్చోబెట్టు. వడ్డించే పని మొదటి స్థానంలో వచ్చిన జట్టుకు అప్పగించు. వాళ్ళు తినేటప్పుడు పెద్దసారును బకెట్టు పట్టుకోమను, నేను అడిగినప్పుడల్లా పట్టుకున్నారు.