పక్కవాద్యానికి టికెట్టెవరు కొంటారు?

ప్ర: కిందటి డిసెంబరులో లండన్ కచేరీకి వెళ్లాను. వీణను లగేజీలో వేయమన్నారు. కచేరీ రోజు పెట్టె తెరిస్తే మైనం పగిలి నాలుగు మెట్లు ఊడి ఉన్నాయి. ఈసారి సింగపూరు. విమానం వాళ్లని అడిగి సీటు కొనమని నిర్వాహకులకు చెప్పాలంటే మొహమాటంగా ఉంది. తప్పు నాదా, విమానం వాళ్లదా?
– వైణికురాలు, బొబ్బిలి

జ: చలిదమ్మా. ఆ తర్వాత తొందరది. ఇరవై నాలుగు మెట్లనూ పట్టి ఉంచేది తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన ముద్దే కదా. ఎండకి మెత్తబడుతుంది, చలికి పెళుసెక్కుతుంది. మీరు గడ్డకట్టిన పెట్టెను హీటరు వేసిన హాల్లోకి తెచ్చి, గబగబా మూత తీసి, శ్రుతి చేయడం మొదలుపెట్టి ఉంటారు. ఈసారి పెట్టె హాల్లోకి వచ్చాక మూడు నాలుగు గంటలు దాని మొహం చూడకండి. సింగపూరులో చలి లేదనుకోకండి, అక్కడ చలి బయట ఉండదు, హాల్లోనే ఉంటుంది. ఏసీ గాలి తగిలే చోట వీణ పెట్టకండి.

బయల్దేరే ముందు తీగలు సగం దించండి. పూర్తిగా వదిలేస్తే గుర్రం కదులుతుంది. తీగలకీ మెట్లకీ మధ్య పాత పంచె ముక్క మడత పెట్టి దూర్చండి. నూలు పంచె, పాలిస్టరు కాదు. బుర్ర విప్పి చేతిసంచిలో పెట్టుకోండి. యాళి ముఖం చుట్టూ దూది దట్టించండి, ఎక్కడ తగిలినా ముందు విరిగేది దాని చెవే. గొల్లపల్లి పనివాళ్లు ఒకే పనసదుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ అయితే దాన్ని ఊరికే తిప్పకండి. ఏడాదికి రెండు మూడు ప్రయాణాలుంటే, విప్పి బిగించుకునే వీణ ఇంకొకటి చేయించుకోండి.

ఇక మొహమాటం. శాలువాకి, పూలదండలకి, స్టేజీ వెనకాల మీ ముఖం కంటే స్పాన్సరు ముఖం పెద్దగా ఉన్న ఫ్లెక్సీకి డబ్బులున్న వాళ్ల దగ్గర వీణ సీటుకి ఉండవా? అడగండి. వాయించేది మీరూ, అదీ కలిసే.

ప్ర: దుబాయిలో మా బృందానికి వంట మేమే చేసుకోవాలి. గసగసాలు పట్టుకెళ్లొచ్చా?
– గాయని, పార్వతీపురం

జ: వద్దు. అక్కడ వాటిని మసాలా కింద చూడరు, మాదకద్రవ్యం కింద చూస్తారు. జీడిపప్పు నూరుకోండి.

ప్ర: అమెరికాలో హోటలు గదిలో పేపరు కాల్చి డప్పు కాచుకున్నాం. సైరను మోగింది. నాలుగంతస్తుల జనం రాత్రి బట్టలతో రోడ్డు మీదకొచ్చేశారు. ఫైరింజను వచ్చింది. నిర్వాహకులు మాతో ఇంకా మాట్లాడటం లేదు. కాచకపోతే డప్పు పలకదు. ఏం చేయాలి?
– డప్పు కళాకారుడు

జ: చదివి అరగంట నవ్వాను, క్షమించండి. చర్మం తేమ తాగితే గొంతు పోతుందని, వేడి చూపిస్తే మళ్లీ లేస్తుందని మీకు తెలుసు. పొగ కనిపెట్టే యంత్రానికి డప్పు తెలీదు కదా. అక్కడ చాలా హోటళ్ల స్నానాలగదుల్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు ఉంటుంది. జానెడు దూరంలో పట్టుకుని, ఒకేచోట ఉంచకుండా అంచు చుట్టూ తిప్పండి. మంట మీద తిప్పినట్టే, పొగ ఒక్కటే ఉండదు. హాల్లో తెర వెనక ఒక ప్లగ్గు, ఒక మనిషి ముందే మాట్లాడుకోండి. రెండో డప్పు వెచ్చబడుతుండగా మొదటిది మోగాలి.

ఒక్క హెచ్చరిక. చలిదేశంలో హీటరు వేసిన గదిలో చర్మం దానంతటదే ఎండిపోయి మరీ బిగుస్తుంది. అప్పుడు వేడి చూపిస్తే చిరిగిపోతుంది. ముందు వేలితో తట్టి విని, ఆ తర్వాత డ్రయ్యరు తియ్యండి.

మాట మీద మాట. మా మృదంగం మిత్రుడు ఎడమ మూతకి పెట్టే బొంబాయిరవ్వను చిన్న ప్లాస్టిక్ సంచిలో కట్టి జేబులో వేసుకుని ఒక విమానాశ్రయంలో దొరికిపోయాడు. తెల్లటి పొడి, జేబులో. చెప్పి ఒప్పించలేక అక్కడే నీళ్లసీసా తీసి రవ్వ ముద్ద చేసి మూతకి అద్ది వాయించి చూపించాడు. అధికారి నవ్వి వదిలేశాడు గానీ, మా విమానం ఆగలేదు. ఇప్పుడు ఆయన అంగట్లో కొన్న సీలు పొట్లమే, అదీ పెద్ద పెట్టెలోనే పెడుతున్నాడు. దిగిన ఊళ్లో కొనుక్కుంటే ఇంకా మేలు. తెలుగువాళ్లున్న చోట ఉప్మా రవ్వ దొరకని ఊరుందా?

ప్ర: బాబుగోరికి దండాలు. మాది మక్కువ దగ్గర పల్లె. తప్పెటగుళ్లు ఆడతాం. పద్నాలుగు మందిమి. దుబాయి పిలిసినారు. పాసుపోర్టుల్లో ఐదుగురికి ఒట్టి పేరే ఉంది, ఇంటిపేరు నేదు. గజ్జెలు, తప్పెట్లు ఇనపయ్యి కదా, పట్టుకుంటారేటి? ఏటి సెయ్యమంటారు?
– తప్పెటగుళ్ల గురువు

జ: అన్నా, గజ్జెల సంగతి చిన్నది. కాళ్లకి కట్టుకుని విమానం ఎక్కకండి, అంతే. గజ్జెలు, తప్పెట్లు అన్నీ పెద్ద పెట్టెల్లో వేసి, ఆ పెట్టె మీద బృందం ఆడుతున్న ఫొటో ఒకటి అంటించండి. భాష రాకపోయినా ఫొటో చెబుతుంది. తోలు వాయిద్యాలేమైనా ఉంటే, ఎక్కడైనా కాగితం నింపమంటే ‘తోలు ఉంది’ అనే రాయించండి. ఆస్ట్రేలియా లాంటి చోట అయితే దాచడం తప్పు, చెప్పడం తప్పు కాదు.

అసలు చిక్కు ఇంటిపేరే. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే సరేనని తర్వాత సడలించారు. అయినా విశాఖ కౌంటరులో కూర్చున్న కుర్రాడికి ఆ సడలింపు గుర్తుంటుందని నమ్ముకుని ఐదుగురి ప్రయాణం పెట్టుకోకండి. ఇప్పుడే ఇంటిపేరు చేర్పించి కొత్త పాస్‌పోర్టులకి పెట్టండి. ఆధార్‌లో పేరు ఎలా ఉందో అచ్చం అలాగే. టికెట్టు మీద కూడా అలాగే. ‘అప్పలనాయుడు’ ఒకచోట కలిపి, ఒకచోట విడగొట్టి రాస్తే ఇద్దరు మనుషులైపోతారు.

ప్ర: పదేళ్లుగా ఒక గాయకుడి బృందంలో కీబోర్డు, హార్మోనియం వాయిస్తున్నాను. పోయిన వేసవిలో అమెరికాలో ఐదు ఊళ్లు తిరిగాం. టికెట్టు తప్ప నాకేమీ ఇవ్వలేదు. అడిగితే ‘అమెరికా చూశావుగా’ అన్నారు. బస ఇచ్చిన ఇంట్లో గాయకుడికి పైన గది, మాకు కింద బేస్‌మెంటులో పరుపులు. పోస్టరు మీద నా పేరు లేదు. టూరిస్టు వీసా మీదే తీసుకెళ్లారు. మళ్లీ పిలుస్తున్నారు. వెళ్లనా, మాననా?
– సాలూరు

జ: ముందు తిడతాను, తర్వాత మీ పక్షాన మాట్లాడతాను.

తమ్ముడూ, నువ్వు సాలూరువాడివి. మన ఊళ్లో లారీ డ్రైవరు సుంకి ఘాట్ ఎక్కే ముందు వేబిల్లు, పర్మిట్టు, స్టెప్నీ చూసుకోకుండా బండి తీస్తాడా? ఉల్లిపాయల లోడుకి ఉన్న జాగ్రత్త నీ మీద నీకు లేకపోయింది. టూరిస్టు వీసా మీద వెళ్లి డబ్బు తీసుకుని కచేరీ చేయకూడదు. మన సంగీతం, నాట్యం, జానపదం లాంటి కళల కోసం వెళ్లేవాళ్లకి పీ-3 అని వేరే వీసా ఉంది. అక్కడ పిలిచిన వాళ్లే ముందు ఐ-129 అనే దరఖాస్తు పెట్టి అనుమతి తెచ్చుకోవాలి. దానికి నెలలు పడుతుంది, ఖర్చూ అవుతుంది. అందుకే కొందరు ‘ఫ్రెండ్స్‌ని చూడటానికి వస్తున్నాం అని చెప్పండి చాలు’ అంటారు. ఇమిగ్రేషన్ కౌంటరు దగ్గర కీబోర్డు భుజాన వేసుకుని ఆ మాట చెప్పాల్సింది వాళ్లు కాదు, నువ్వు. వెనక్కి పంపేది నిన్ను. తర్వాతి వీసా పోయేదీ నీకే. అయిదు ఊళ్లు వాయించి పైసా రాకపోయినా నువ్వెందుకు నోరెత్తలేకపోయావో ఇప్పుడు తెలిసిందా? ఆ వీసాయే నీ నోటికి తాళం.

ఇప్పుడు నీ పక్షం.

1971లో ఘంటసాల అమెరికా, ఐరోపా వెళ్లారు. ఈ ముక్క మన జిల్లాల్లో రేడియో వినే పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆ ‘వెళ్లారు’ గౌరవ బహువచనమే తప్ప నిజం బహువచనం కాదు మన నోట్లో. పక్కన హార్మోనియం పట్టుకుని వెళ్లినవారు పట్రాయని సంగీతరావుగారు. మన సాలూరు చిన్నగురువుగారి కొడుకు. ఆ చిన్నగురువుగారు, పట్రాయని సీతారామశాస్త్రిగారు, విజయనగరం సంగీత కళాశాలలో ఘంటసాలకు పాఠం చెప్పినవారు, తన పాటకి తానే పెట్టె వాయించుకుంటూ పాడినవారు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని వెలివేసి దాదాపు మూడు దశాబ్దాలు గడప తొక్కనివ్వలేదు. అలాంటి పెట్టెను ఆ ఇంటివాళ్లు పాట పక్కన నిలబెట్టారు. సంగీతరావుగారు ఘంటసాల పాటల వెనక ఉన్నారు, వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకాలకు సంగీతం కూర్చారు, నూరేళ్లు దాటి 2021లో పోయారు. సాలూరు బస్టాండులో నిలబడి పదిమందిని అడిగి చూడు, ఆయన పేరు ఎంతమంది చెబుతారో. సాలూరి రాజేశ్వరరావుగారి పేరు చెబుతారు, ఘంటసాల పేరు చెబుతారు. పెట్టె పట్టుకున్నవాడి పేరు గుర్తుపెట్టుకునే అలవాటు మనకి లేదు. నీ పోస్టరు మీద నీ పేరు లేకపోవడం మీ గాయకుడు కనిపెట్టిన దుర్మార్గమేం కాదు, మనందరం కలిసి పెంచినదే.

నేను వయొలిన్‌తో ఇరవై ఏళ్లు ఇలాగే తిరిగాను. ఒక ఊళ్లో కచేరీ అయ్యాక గాయకుడిని ఒక కారులో, మా ముగ్గురినీ సౌండ్ బాక్సులతో పాటు వ్యానులో పంపారు. నా కాళ్ల మధ్య స్పీకరు, ఒళ్లో వయొలిన్, దాని మీద మిగిలిపోయిన పులిహోర ట్రే. రాత్రి ఒంటిగంటకి తాళం వేసిన ఇంటి ముందు దించి వెళ్లిపోయారు. ఇంటివాళ్లు గాయకుడితో ఇంకోచోట భోజనంలో ఉన్నారు. మంచులో గంటన్నర కూర్చుని ఆ పులిహోర చేత్తో తిన్నాం. బాగుంది కూడా. కానీ ఆ మర్నాడు నా వేళ్లు వంగలేదు. గాయకుడేమో ‘ఏమిటోయ్, శ్రుతి జారుతోంది’ అన్నాడు, మైకులో.

ఇంకో ఊళ్లో మా బృందం పాస్‌పోర్టులన్నీ భద్రంగా ఉంటాయని ఒకే సంచిలో పెట్టుకున్న మేనేజరు ఆ సంచిని టాక్సీలో మర్చిపోయాడు. పదకొండు మందిమి. టాక్సీవాడు దేవుడిలాంటివాడు కాబట్టి సాయంత్రానికి వెనక్కి తెచ్చాడు. ఆ రోజు నుంచి నా పాస్‌పోర్టు నా చొక్కా లోపలి జేబులోనే ఉంది. నీదీ అలాగే ఉండాలి. ‘ఇలా ఇవ్వు, నేను దాస్తాను’ అన్నవాడు మీ మేనమామ అయినా ఇవ్వకు.

వెళ్లు. కానీ ఇవి కాగితం మీద వచ్చాకే వెళ్లు. సరైన వీసా. రానూపోనూ టికెట్టు నీ పేరు మీద, కాపీ నీ ఫోన్లో. ఒక్కో కచేరీకి ఇంత అని, ఎప్పుడు ఇస్తారో తారీకుతో సహా. ఆసుపత్రి ఖర్చుకి ఇన్సూరెన్సు, ఎందుకంటే అక్కడ చెయ్యి విరిగితే పదేళ్ల నీ కచేరీల సంపాదన కట్టుకి చాలదు. పడుకోవడానికి మంచం. బేస్‌మెంటు అయినా ఫరవాలేదు, అక్కడ చాలా ఇళ్లలో అది మన మేడగదుల కంటే బాగానే ఉంటుంది, దాని గురించి మాత్రం నువ్వు కాస్త ఎక్కువ బాధపడ్డావు. పోస్టరు మీద పేరు, చిన్న అక్షరాలైనా సరే. ఇవన్నీ వాట్సాప్‌లో మాట్లాడుకున్నా తర్వాత ఒక ఈమెయిల్‌గా రాయించుకో. రాయడానికి వెనకాడితే నీకు జవాబు వచ్చేసినట్టే. ‘నువ్వు కాకపోతే ఇంకొకడు’ అంటారు. అంటారు, నిజమే. ఆ ఇంకొకడు కూడా బహుశా ఈ పత్రిక చదువుతాడు.

ప్ర: మా గురువుగారిచ్చిన కంజిరాకి ఉడుము చర్మం ఉంది. మలేషియా తీసుకెళ్లనా?
– విజయనగరం

జ: తీసుకెళ్లకండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఉడుము మొదటి షెడ్యూల్లో ఉంది. దేశం దాటిస్తే రెండు దేశాల్లోనూ నేరమే. మేకతోలు కంజిరా కొనుక్కోండి. నాదం కొంచెం తేడాగా ఉంటుంది, మీకు తప్ప ఎవరికీ తెలీదు.

ప్ర: అందరి సామాను వచ్చింది, మా తబలాలు రాలేదు. ‘వస్తాయి, వెళ్లండి’ అన్నారు, బయటికొచ్చేశాం. నాలుగు రోజులకి వచ్చాయి, డగ్గా సొట్టపోయి. నష్టపరిహారం అడగొచ్చా?
– శ్రీకాకుళం

జ: బయటికెందుకొచ్చారు? బెల్టు దగ్గరే ఫిర్యాదు ఫారం నింపి, నంబరున్న కాపీ చేతికి తీసుకుని గాని గుమ్మం దాటకూడదు. అయినా ఇంకా ఆశ ఉంది. అంతర్జాతీయ ప్రయాణంలో సామాను దెబ్బతింటే చేతికొచ్చిన ఏడు రోజుల్లోపు, ఆలస్యమైతే ఇరవై ఒక్క రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. మీ ఉత్తరం మీద తారీకు చూస్తే మీకు రెండు రోజులు మిగిలాయి. ఇది అచ్చయ్యేసరికి అవీ పోతాయని మీకు విడిగా కార్డు రాశాను. ఫొటోలు తీసి, ట్యాగు దాచి పంపండి. డగ్గా బాగుచేయించిన బిల్లు కూడా.

ప్ర: మా ఆయన తబలా. మూడు వారాలుగా డల్లాస్, చికాగో అంటూ తిరుగుతున్నారు. ఎప్పుడు ఫోను చేసినా ‘సౌండ్ చెక్‌లో ఉన్నా’ అంటున్నారు. నిజమేనంటారా?
– సాలూరు

జ: మీరు ఉదయం ఏడింటికి చేస్తున్నట్టున్నారు. ఈ వేసవిలో అక్కడ అది ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, కచేరీ వేళ. సాయంత్రం ఏడింటికి చేసి చూడండి, అక్కడ పొద్దున్న ఎనిమిదిన్నర అవుతుంది. అప్పుడు కూడా సౌండ్ చెక్ అంటే నాకు మళ్లీ రాయండి.